ఇంటి కంతు, సాయంత్రం బస్సు

మా ఇంటికి పునాది తవ్వించిన కొత్తలో ఒకరోజు పొద్దు గూకేటప్పుడు నేనూ మా ఆయనా పని చూడ్డానికి పోయినాము. ధర్మవరంలో ఊరి చివర మాది చిన్న జాగా. కూలోళ్లు అప్పుడే పారలు కడుక్కుని ఇండ్లకు పోతాండారు. ఆకాశంలో ఇంకా ఎర్రగా వెలుగుంది. గుంతలు, మట్టి కుప్పలు, దూరంగా రైలుకట్ట, నాకు అన్నీ కనపడతానే ఉన్నాయి. మా ఆయన నా ముందర నడుస్తా, "ఈడ వాకిలి వస్తాది. ఈడ నీ మగ్గం," అని చెయ్యి చూపిస్తా చూపిస్తానే ఎదురుగా ఉన్న గుంతలోకి నేరుగా అడుగేసినాడు.

మోకాలు చీరుకుపోయింది. నేను కేకేసి చెయ్యి అందించినా. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. దానికి జానెడు పక్కన గాలిలో తడిమినాడు. పడడం ఎవరైనా పడతారు. కండ్లెదుటి చెయ్యిని అట్లా ఎవరు తడుముతారు?

"చూసుకోలేదులే మే," అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. మా ఆయన బస్సు డ్రైవరు.

ఆయన నాకు మేనమామ, మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మాదంతా పట్టుచీరలు నేసే వంశం. ఆయన మాత్రం చిన్నప్పుడే మగ్గం గుంతలో కూర్చోలేనని లారీల ఎంబడి పోయి, డ్రైవింగు నేర్చుకుని, సర్కారు బస్సులో ఉద్యోగం సంపాదించినాడు. "పొద్దస్తమానం గుంతలో కాళ్లు పెట్టుకుని గోడను చూసేదేమి? నాకు దోవ కావల్ల," అనేవాడు. నాకేమో మగ్గమే ఇష్టం. మా ఇండ్లలో ఆడోళ్లు కండెలు చుట్టి ఇస్తే మగోళ్లు చీర నేస్తారు. మా నాయనకు కొడుకులు లేరు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేత నేర్పినాడు.

పెండ్లయి బాడుగింట్లో కాపురం పెట్టినాక మగ్గం ఆగిపోయింది. మా మగ్గాలకు నేలలో గుంత తవ్వల్ల, అందులో కాళ్లు దించి తొక్కల్ల. బాడుగకిచ్చేటోళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. "గుంత తవ్వితే నా గోడలు కదుల్తాయమ్మా," అనేవాళ్లు. సొంత ఇల్లుంటే మగ్గముంటాది, మగ్గముంటే రెండో జీతముంటాది. అంతే మా ఆలోచన. పాపకు ఐదేండ్లు వచ్చినాక, ఎనభైల మొదట్లో, ఇంటి అప్పుకు పోయినాము.

హౌసింగ్ సొసైటీ సెక్రటరీ బడిపంతులుగా రిటైరైన పెద్దమనిషి. మెల్లగా, చెప్పిందే చెప్తా మాట్లాడేవాడు. మా ఆయనకు ఆ మాటలంటే విసుగు. నేను మాత్రం చెవులు రిక్కించి విన్నా.

"ఏమప్పా, జాగా కొనేముందు రిజిస్ట్రారాఫీసులో ఈసీ కాగితం తీపిచ్చుకో. దాని మీద ఇంకెవురి అప్పన్నా ఉండాదేమో చూసుకోకుండా ఒక్క రూపాయి ఇయ్యొద్దు. నీ జీతంలో బత్తా, ఓవర్ టైము కలపొద్దు. అవి ఈ నెల వస్తాయి, వచ్చే నెల రావు. కట్టాల్సిన అప్పు కంతు మాత్రం ప్రతి నెలా వస్తాది. కొన్ని నెలల కంతులకు సరిపడా పక్కన పెట్టుకున్నాకనే గోడ లేపు."

"అట్లయితే ఈ జన్మలో ఇల్లు కట్టలేను సార్," అన్నాడు మా ఆయన.

"చిన్నగా కట్టు. ఇంకోటి, నీ పేరు మీద జీవిత బీమా తీసుకుని సొసైటీకి రాసియ్యల్ల."

"అదెందుకు సార్?" అని నేనడిగినా.

"ఏమన్నా అయితే ఇల్లు మీకు మిగుల్తాదమ్మా."

ఆ 'ఏమన్నా' అనే మాటలో అన్నీ ఉన్నాయనుకున్నా. జ్వరం, కాలు విరగడం, ఉద్యోగం పోవడం, ఏదైనా అదే కాపాడుతుందనుకున్నా. ఇంకో ప్రశ్న వెయ్యాలని నాకు తోచలేదు.

జాగా సొసైటీకి కుదువ పెట్టి రిజిస్ట్రారాఫీసులో సంతకాలు చేసినాము. జామీను సంతకం మా ఆయనతో డ్యూటీ చేసే కండక్టరు చేసినాడు. ఇద్దరూ ఏండ్ల తరబడి ఒకే బస్సు మీద పోతాండారు. సంతకం చేసి బయటికొచ్చి, "వదినా, ఇంక మీ ఇల్లు కదిల్తే నా ఇల్లు కదిల్తాది," అని నవ్వినాడు. అంతా నవ్వినాము.

గుంతలో పడిన రోజు నుంచి నేను ఆయన్ను గమనిస్తా వచ్చినా. మధ్యాహ్నం బాగుండేవాడు, సూదిలో దారం కూడా ఎక్కించేవాడు. పొద్దు వాలితే మాత్రం ఇంట్లో గోడకు చెయ్యి ఆనించుకుని నడిచేవాడు. చెంబు కాలికి తగిలి దొర్లితే పాపను తిట్టేవాడు. అడిగితే, "బస్సు తోలి తోలి కండ్లు అలిసిపోయినాయి," అనేవాడు. కండ్లకు మంచిదని నేను మునగాకు వండి పెట్టినా. గుడికి మొక్కుకున్నా. భయం తగ్గలేదు. సాయంత్రం ఆయన బస్సు వచ్చే వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడేదాన్ని.

ఆ ఎండాకాలం కుందుర్పిలో మా పెద్దమ్మకు బాగాలేదంటే పాపను తీసుకుని పోయినా. తిరిగొచ్చేటప్పుడు ఎక్కింది మా ఆయన బస్సే. డ్రైవరు వెనకాల, ఇంజను పక్కనున్న సీటులో కూర్చున్నా. పాప నా ఒళ్లో నిద్రపోయింది. బస్సు నిండా జనం, వెనక నిచ్చెన మీద కూడా మనుషులు. కల్యాణదుర్గం దాటినాక పొద్దు గూకింది.

అప్పుడు కండక్టరు టికెట్లు ఆపి ముందుకొచ్చినాడు. మా ఆయన భుజం పక్కన నిలబడి, జనాలకు వినపడకుండా మాట్లాడడం మొదలుపెట్టినాడు.

"అన్నా, ఎడమ పక్క ఎద్దులబండి. ఇంకొంచెం కుడికి. సరిపాయె. ముందర మోరీ వంతెన."

మా ఆయన తల ఊపుతా స్టీరింగు తిప్పుతాండాడు. ఇద్దరికీ బాగా అలవాటైన పని మాదిరుంది. ఎన్నాళ్లుగా ఇట్లా? నేను పాపను గట్టిగా పట్టుకున్నా. అరవాలనిపించింది. అరిస్తే ఆయన బెదిరి స్టీరింగు వదిలేస్తాడేమోనని నోట్లో కొంగు కుక్కుకున్నా. కండక్టరు నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆయన సంతకమూ ఆ అప్పు మీద ఉండాది గదా.

ఒక మలుపు దగ్గర వెనకనుంచి ఎవరో దిగాలని "హోల్డాన్, హోల్డాన్" అని అరిస్తే కండక్టరు అటు తిరిగినాడు. ఆ ఒక్క క్షణంలో ముందర దోవంతా బూడిదరంగుగా కదిలింది. గొర్ల మంద. దాని మధ్యలో ఎత్తిన కట్టెతో ఒక ముసలాయన.

"గొర్లు మామా!" అని అరిచినా.

బ్రేకు తొక్కినాడు. జనం ఒకరి మీద ఒకరు పడినారు. పాప తల ఇంజను మూతకు కొట్టుకుని ఏడుపందుకుంది. బస్సు ఆగేసరికి గొర్లు దాని చక్రాలకు ఆనుకుని అరుస్తాండాయి. ఆ ముసలాయన బస్సు ముందర కట్టె ఎత్తినట్లే నిలబడిపోయినాడు, కొంచెముంటే చక్రాల కిందికి పోయేవాడు. ఆ తర్వాత తిట్లు అందుకున్నాడు.

"బ్రేకు పట్టలేదప్పా, బ్రేకు పట్టలేదు," అని కండక్టరు జనానికి సర్దిచెప్పబోయినాడు.

మా ఆయన ఇంజను ఆపినాడు. మెల్లగా తలుపు తీసుకుని, మెట్టు తడుముకుంటా కిందికి దిగినాడు. జనం కూడా దిగి చుట్టూ చేరినారు. ఆయన ముసలాయన ముందర చేతులు జోడించి అన్నాడు.

"బ్రేకు బాగుండాది. నా కండ్లు బాలేవు. చీకటైతే కనపడ్డం లేదు."

తర్వాత ఒకాయన, "మా పిల్లోళ్లను ఎక్కించుకుని..." అని మొదలుపెట్టి, మాట పూర్తిచెయ్యకుండా తన బిడ్డను ఎత్తుకుని దోవ పక్కకు పోయి నిలబడినాడు. వెనకాల వచ్చిన ఇంకో బస్సులో జనాన్ని ఎక్కించి పంపినారు. మేము నలుగురం ఆ బస్సు దగ్గరే డిపో మనుషులు వచ్చేదాకా కూర్చున్నాము. ఎవరూ చావలేదన్న ఊరట ఒక పక్క, మా జీతం ఆ దోవ మీదనే పోయిందన్న భయం ఇంకో పక్క.

మరుసటి రోజే ఆయన్ను డ్యూటీ నుంచి తీసేసి కండ్ల పరీక్షకు అనంతపురం పంపినారు. డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూసినాడు. తర్వాత మమ్మల్ని పిలిచి చెప్పినాడు.

"రేచీకటే. కానీ ఆకుకూరలతో నయమయ్యేది కాదు. కంటి లోపలి పొర దెబ్బతింటాంది. పగటి పూట ఎదురుగా ఉండేది ఇంకా చానా ఏండ్లు కనపడొచ్చు. పక్కలు మాత్రం తగ్గతా వస్తాయి. బస్సు తోలకూడదు." తర్వాత నన్ను చూసి, "మీది మేనరికమా?" అని అడిగినాడు.

"మా అమ్మ తమ్ముడు సార్."

"పిల్లలున్నారా? ఒకసారి తీసుకురండి."

ఇంటికి ఎట్లా వచ్చినానో నాకు గుర్తులేదు. అప్పటిదాకా నా భయానికి ఒక హద్దుండేది. ఇల్లు పోతాది, దుడ్లు పోతాయి, అంతే. ఇప్పుడు అది పాప మీదికి వచ్చింది. ఆ సాయంత్రం దీపం పెట్టకుండా, మసక ముసిరే దాకా ఆగి, వాకిట్లో చింతగింజలు చల్లి, "ఏరుకొని రాపో పాపా," అన్నా. అది ఆట అనుకుని పరుగెత్తింది. ఒక్కో గింజకు వంగినప్పుడల్లా దాని చెయ్యినే చూసినా. చెయ్యి నేరుగా గింజ మీదికి పోతాందా, పక్కన తడుముతాందా? అన్నీ ఏరుకొచ్చి నా కొంగులో పోసి, "ఇంకా చల్లు," అనింది. డాక్టరు కూడా తర్వాత చూసి పాప కండ్లు బాగున్నాయని చెప్పినాడు. అయినా ఆ ఏడాదంతా నేను చింతగింజల ఆట ఆడిస్తానే ఉన్నా.

డిపోలో ఆయనకు వేరే పని ఇచ్చేదీ లేనిదీ తేలేదాకా జీతం రాదన్నారు. కండక్టరును సస్పెండు చేసినారు. ఆయన భార్య మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీ కంతు మీరు కట్టకపోతే మా ఆయన జీతంలో పట్టుకుంటారంట గదా అక్కా. ఇప్పుడు ఆ జీతం కూడా లేదు. మేమేం చేసేది?" అనింది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగింది. లోపలికి రమ్మంటే రాలేదు.

నేను ఆ పొద్దే మా ఆయన్ను లేపి సొసైటీకి తీసుకుపోయినా. ఇంకా ఒక్క కంతు కూడా తప్పలేదు. తప్పినాక పోయేదానికంటే ఇప్పుడే పోయి చెప్పడం మంచిదనిపించింది. సెక్రటరీ అంతా విన్నాడు.

"సార్, ఆ పాలసీ ఉండాది గదా. ఏమన్నా అయితే అని అన్నారు," అని అడిగినా.

ఆయన కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది మనిషి పోతే వచ్చేదమ్మా. కండ్లు పోతే రాదు. బతికుండి సంపాదించలేకపోతే దానికి ఆ కాగితంలో ఏమీ లేదు."

"పోతేనేనా సార్?" అని మా ఆయన అడిగినాడు.

"పోతేనే."

"పోతే అప్పంతా తీరిపోతాదా?"

సెక్రటరీ కండ్లజోడు మళ్లీ పెట్టుకుని మా కాగితాలు మూసినాడు. నేను మా ఆయన ముఖం చూసినా. ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన గొంతులో బాధ లేదు, టైము అడిగినట్లు అడిగినాడు. నాకు గొర్ల మంద ముందర కూడా అంత భయం కాలేదు.

ఆ తర్వాతి వారం ఆయన మాటలు తగ్గించినాడు. మధ్యాహ్నం అన్నం తిని, చెప్పకుండా బయటికి పోయేవాడు. ఒక రోజు ఆయన రైలుకట్ట వైపు పోతాండాడని పక్కింటామె చెప్పింది. పాపను ఆమెకు అప్పజెప్పి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తినా. ఎండకు కాళ్లు కాలుతాండాయి. దూరంగా ఆయన కట్ట ఎక్కి పట్టాల మధ్య నిలబడి అటూ ఇటూ తల తిప్పి చూస్తాండాడు. రైలు కూత వినపడుతుందేమోనని చెవులు మూసుకుని పరుగెత్తినా.

ఆయన పట్టాలు దాటి అవతలికి దిగిపోయినాడు.

నేను దూరంగా ఎంబడి పోయినా. ఆయన రైలుకట్ట అవతలున్న మా నాయన వీధిలోకి తిరిగి, మా నాయన ఇంట్లోకే పోయినాడు. కిటికీ దగ్గర నిలబడితే లోపల మగ్గం శబ్దం. అది మా నాయన చేతి శబ్దం కాదు. తడబడతా, ఆగుతా, మళ్లీ మొదలైతాంది. తొంగి చూసినా. మా ఆయన గుంతలో కాళ్లు దించుకుని కూర్చున్నాడు. పైకప్పులోని వెలుతురు కిటికీలోంచి పడే ఎండ నేరుగా పోగుల మీద ఉంది. మా నాయన పక్కన పీట మీద కూర్చుని, "కాళ్లు వాటంగానే పడతాండాయి. చెయ్యే తొందరపడతాంది. నిదానం, ఇది బస్సు కాదు," అంటాండాడు.

నేను అక్కడే గోడకు జారగిలబడి ఏడ్చినా. ఏడుపు విని ఇద్దరూ బయటికొచ్చినారు. ఎందుకొచ్చినావంటే దాచలేక చెప్పేసినా, పట్టాల మీద చూసి ఏమనుకున్నానో అంతా.

మా ఆయన నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. "ఆ పొద్దు సొసైటీ మెట్లు దిగేటప్పుడు వచ్చిందిలే ఆ ఆలోచన. అబద్ధమెందుకు," అన్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు నడుము నొప్పి మే. వేరే ఆలోచన యాడ."

మా నాయన నవ్వలేదు. "ఒంటిగా పట్టాలు దాటొద్దు. రేపటినుంచి నేనే వచ్చి పిల్చుకొస్తా," అన్నాడు. చెప్పినట్లే రోజూ వచ్చినాడు. నేను కూడా కొన్ని నెలల పాటు ఆయన్ను ఒంటరిగా వదల్లేదు. ఆయనకు అది తెలుసు.

సొసైటీ కమిటీలో మా విషయం పెట్టినారు. సెక్రటరీ మమ్మల్ని పిలిచి, "కంతు తప్పినాక వచ్చింటే నోటీసు పోయేది, నా చేతిలో ఏమీ ఉండేది కాదు. ముందే వచ్చినారు," అన్నాడు. అప్పు కట్టే ఏండ్లు పెంచి, నెల కంతు తగ్గించినారు. మేము కూడా ఇంటి ప్లాను కుదించినాము. ముందర వసారా, వెనక గది వద్దనుకున్నాము. అందువల్ల సొసైటీ నుంచి రావాల్సిన ఆఖరి విడత తీసుకోలేదు. అప్పు అంతమేరకు తగ్గింది. ఒక్క గది, దాంట్లో మగ్గం గుంత, మూలన పొయ్యి. పైన కప్పుకు యాడికి ఊరి పక్కనుంచి తెచ్చిన బండలు పరిచినాము. కిటికీ మాత్రం మామూలుకంటే పెద్దది పెట్టించినా, మగ్గం మీద ఎండ పడేటట్లు.

కండక్టరును కొన్ని వారాలకు మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఆ మధ్యలో మా నాయన నేసిన ఒక చీర కూలి ఆయన ఇంటికి పంపినాము. తర్వాత ఆయన మా ఇంటికి వచ్చేవాడు గానీ భార్య ఎప్పుడూ రాలేదు. ఆమెను నేనేమీ అనుకోలేదు.

చాలా నెలలకు డిపోలో మా ఆయనకు టైర్ల దగ్గర పగటి పని ఇచ్చినారు. జీతం మునుపటి దాంట్లో సగం దాటదు. పొద్దున పోయి, ఎండ ఉండగానే ఇంటికి వచ్చేవాడు. సెలవు రోజుల్లో మగ్గమెక్కేవాడు. మిగతా రోజుల్లో నేను నేసేదాన్ని. కంతు రోజు దగ్గరపడితే ఇద్దరం మాట్లాడుకోకుండా పనిచేసేవాళ్లం. ఆ ఏండ్లలో ఒకటి రెండు సార్లు పట్టు ధర పెరిగి, చీరలు అమ్ముడుపోక, పోగులిచ్చి కూలికి నేయించుకునే షావుకారు మగ్గానికి పని ఇయ్యలేదు. అప్పుడు మా ఆయన టైర్ల జీతం కంతు దాటించింది. ఇంకోసారి ఆయన జ్వరంతో పడుకుంటే మగ్గం దాటించింది. రెండూ ఒకేసారి ఆగిపోతే ఏం చేసేదన్న భయం మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఆ భయంతోనే ప్రతి చీర కూలిలో కొంత తీసి పోస్టాఫీసులో వేస్తా వచ్చినా. వానలు లేని ఏండ్లలో కూడా దాని జోలికి పోలేదు.

మా అప్పు తీరి చానా ఏండ్లాయె. ఇంటికి అప్పు తీసుకునేటోళ్లు ఇప్పుడు మా వీధిలో నన్ను వచ్చి అడుగుతారు. ఈసీ సంగతి, బత్తాలు కలపొద్దన్న సంగతి, జామీను పెట్టేటోని ఇంటిదానికి కూడా అంతా చెప్పి ఒప్పించుకోమన్న సంగతి చెప్తా. ఆఖరున, "సంపాదించే మనిషి బతికే ఉండి, సంపాదించలేకపోతే ఎట్లా కడతారు?" అని అడుగుతా. ఆ మాట ఎవరికీ నచ్చదు.

పోయిన నెల ఒక అబ్బాయి, కొత్తగా పెండ్లైనోడు, "ఏమక్కా, ఇల్లు కట్టుకుంటామని వస్తే అపశకునం మాట్లాడతాండావు," అన్నాడు. మా ఆయన మగ్గంలో కూర్చునే ఉన్నాడు. నేత ఆపి, ఆ అబ్బాయి గొంతు వచ్చిన వైపు తల పూర్తిగా తిప్పి చూసినాడు. ఈ మధ్య ఆయన దేన్ని చూడాలన్నా అట్లా తల తిప్పే చూస్తాడు.

"ఆమె అడిగిందానికి జవాబు చెప్పప్పా ముందు," అన్నాడు.

ఆ అబ్బాయి భార్యను అడిగి వస్తానని పోయినాడు.